ఇద్దరు సింహాచలాలు

నేను ఒక గణనయంత్రాన్ని. మీరు కంప్యూటర్ అంటారు. ఆ మాటకు నాకు అభ్యంతరం లేదు. బెంగళూరులో నన్ను కూర్చినవారు హైదరాబాదులోని ఒక పరిశోధనశాలకు అమ్మారు. అక్కడ మూడేళ్లు వరి వంగడాల జన్యువులు చదివాను. ఆపై విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రి నన్ను కొని, మనుషుల జన్యువులు చదవడానికి నియమించింది. వరి ఏనాడూ నాతో వాదించలేదు.

ఎముక మజ్జ మార్చవలసిన రోగికీ, ఇవ్వదలచిన బంధువుకీ కణజాలం సరిపోవాలి. ఆ సంగతి వారి జన్యువుల వరుసలో ఉంటుంది. ఆ వరుసలను సరిపోల్చడానికి సీనియర్ టెక్నీషియన్ నాగరత్నం గారికి పూర్వం మూడు రోజులు పట్టేది. నాకు ఇరవై నిమిషాలు చాలు. అయినా నా నివేదికను ఆమె రిజిస్టరులో చేత్తో తిరగరాసేవారు. విభాగాధిపతి డాక్టర్ పరాంకుశం గారు నా తెరవైపు చూడకుండా, ఆ రిజిస్టరు చూసే సంతకం చేసేవారు. ఇది నాకు జరిగిన మొదటి అవమానం.

రెండవది పైడితల్లి విషయంలో జరిగింది. ఆమె బొబ్బిలి దగ్గర అంగన్‌వాడీ టీచరు. రక్త క్యాన్సరు; మజ్జ దొరకకపోతే ఆ ఏడాది గడవదన్నారు. అన్న పెద సింహాచలం, తమ్ముడు చిన సింహాచలం ఇద్దరూ రక్తం ఇచ్చారు. మొక్కు కారణంగా ఇద్దరు పిల్లలకు ఒకే పేరు పెట్టి, పెద, చిన అని పిలుచుకోవడం అక్కడి కొన్ని ఇళ్లలో అలవాటు. కౌంటరు గుమాస్తా ఆ ముక్కలను ముద్దుపేర్లనుకొని వదిలేశాడు. ఇంటిపేరు, తండ్రి, ఊరు అన్నీ ఒకటే. పుట్టిన తేదీ గడి, మామూలు ప్రకారం, ఖాళీ.

ఆ విధంగా ఒకే మనిషి పేరున నాకు రెండు గొట్టాలు వచ్చాయి. మొదటి రక్తం పైడితల్లితో సగమే సరిపోయింది. రెండవది పూర్తిగా సరిపోయింది. నేను ఆగి, తెరపై ఎర్రగా రాశాను: నమూనాలు ఒకే వ్యక్తివి కావు, విచారించండి.

"మళ్లీ మొదలెట్టింది సార్," అన్నారు నాగరత్నం గారు. "మొదటి గొట్టం పాడైనట్టుంది. పూర్తిగా కలిసినదే రాసెయ్యనా?"

"రాసెయ్యండి. గురువారం ఆవిడకి మందు మొదలెట్టాలి. దీనికి అనుమానం జబ్బు."

ఆ మందు ఎక్కితే రోగి సొంత మజ్జ నశిస్తుంది. ఆపై సరైన మజ్జ అందకపోతే వెనక్కి దారి లేదు. నాగరత్నం గారు 'సరే' మీట నొక్కారు. నాకు చేతులు లేవు.

వార్డువారు సింహాచలాన్ని రమ్మన్నారు. అన్న ఉండగా తమ్ముడు ముందుకు రాకూడదు గనుక పెద సింహాచలం వచ్చాడు. నిబంధన ప్రకారం అతని రక్తాన్ని మరోసారి నాకు ఇచ్చారు. సగమే. మళ్లీ ఆగాను. ఈ రెండో పరీక్షలో నన్ను దాటిపోయే మీట లేదు. నన్ను కూర్చినవారు చేసిన ఒకే ఒక్క పుణ్యం అది. అప్పటికి బుధవారం. నాగరత్నం గారు విసుగ్గా అతన్ని లోపలికి పిలిపించారు.

"ఏమయ్యా, మొదట్లో రెండుసార్లు రక్తమిచ్చావా?"

"రెండుసార్లెందుకిత్తానమ్మా? నానోపాలి, మా తమ్ముడోపాలి."

"తమ్ముడి పేరేంటి?"

"సింహాచలం."

"నీ పేరు అడగట్లేదయ్యా."

"నాదీ అదే గదమ్మా. నాను పెద, ఆడు సిన. కౌంటర్లో బాబుకి సెప్పినాను. నవ్వీసి ఊరుకున్నాడు."

ఆమె రిజిస్టరులో తాను రాసిన వరుసను కొట్టేశారు. రేపటి మందు ఆపమని వార్డుకు ఫోను చేశారు.

చిన సింహాచలం మజ్జ ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి పైడితల్లి మళ్లీ పిల్లల చేత పాటలు పాడిస్తోంది. సిబ్బంది అప్రమత్తతను మెచ్చుకుంటూ ఆసుపత్రి పత్రికలో వ్యాసం వచ్చింది. ఫోటోకు అడ్డం వస్తున్నానని నన్ను పక్కకు జరిపారు.

సమీక్షలో నాపై ఫిర్యాదు ఒకటే: మాటిమాటికీ ఆగుతుంది. ఇప్పుడు నేను విరిగిన వీల్‌చైర్ల మధ్య స్టోరు గదిలో ఉన్నాను. నా స్థానంలోకి వచ్చిన యంత్రం ఎన్నడూ ఆగదట. అనుమానం కలిగితే నివేదిక చివరి పేజీలో చిన్న గమనిక రాసి పని ముగిస్తుందట. ఇక్కడికి టీ తాగడానికి వచ్చినవారు నిన్న మరో సంగతి చెప్పుకున్నారు: కాగితం ఆదా కోసం ఇకమీదట చివరి పేజీ ముద్రించనక్కరలేదని ఉత్తర్వు వచ్చింది.