బాగుచేసినోడు ఎక్కాలి

విశాఖ నుంచి హైదరాబాదుకి ఆఫర్లో ఏసీ బస్సు కన్నా విమానం చవక. అందుకే సింహాద్రి, గౌరీశ్వరి జీవితంలో మొదటిసారి విమానం ఎక్కడానికొచ్చారు. సాయంత్రం నాలుగున్నరకి వాళ్ల కూతురు సత్యశ్రీ అక్కడ జాతీయ పోటీల్లో బరువులెత్తుతుంది. అది కళ్లారా చూడాలి.

పదింటి విమానం పన్నెండైనా కదల్లేదు. చక్రాల బ్రేకులో లోపమట. ఆఖరికి గేటు దగ్గర ఉద్యోగి ఆశాజ్యోతి మైకులో చెప్పింది: బాగైంది, ఎక్కండి.

సింహాద్రి వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆటోనగర్లో ఇరవయ్యేళ్లుగా లారీ బ్రేకులు బాగుచేసే మనిషి.

"బాగుసేసినోడు ఎక్కుతన్నాడా?"

"ఇంజనీరుగారు సంతకం చేశారు సర్."

"సంతకం సరే తల్లీ. నాను బ్రేకు బిగించిన లారీ అనంతగిరి ఘాట్ దిగితే, మొదటి ట్రిప్పు పక్కసీట్లో నానే కూకుంటాను. ఆయన్ని పిలు."

విమాన కంపెనీ మేనేజరు వచ్చాడు. "ఈ రేటు టికెట్టుకి ఇన్ని ప్రశ్నలా?"

"రేటు తగ్గించింది నీ సీట్లు నిండడానికి. మా మీద జాలితోనేటి?"

వెనక లైన్లోని పదిమంది మేమూ ఎక్కమంటూ వెళ్లి కుర్చీల్లో కూర్చున్నారు. కంపెనీకి అర్థమయ్యే భాష అదొక్కటే. ఐదు నిమిషాల్లో ఇంజనీరు గుణశేఖర్ గ్రీజు చేతులతో వచ్చాడు.

"నాకేం భయంలేదు. రేపటి డ్యూటీ హైదరాబాదులోనే, ఇందులో పోతే నాకూ మేలే. సీటేదీ? అన్నీ అమ్మేశారు."

మేనేజరు నవ్వాడు. "మీది ఇచ్చేయండి సర్."

తర్వాతి విమానం రాత్రికి. సింహాద్రి పెళ్లాం వైపు చూశాడు.

"ఏటి సూత్తన్నావ్ మావా? నోరిప్పింది నువ్వు. నాను మాత్రం ఎల్తాను."

"ఎల్లు. ఆయన నీ పక్కనుంటే సాలు," అని సింహాద్రి సీటు వదిలేశాడు.

నాలుగున్నరకి విమానాశ్రయం బయట టీ బండి దగ్గర సింహాద్రి ఫోన్లో గౌరీశ్వరి మొహం కనిపించింది.

"ఎలా దిగింది?"

"మెత్తగా. ఇంజనీరు బాబు కూకోగానే గుర్రెట్టేడు. వరసగా రెండు డ్యూటీలు సేసేడట, పాపం."

"రెండా? ఆ మేనేజరు ఇంకా లోపలే ఉన్నాడు. అడుగుతాను."

"తర్వాత అడుగుదువుగాని. అదిగో, పిల్లొచ్చింది."

బండి దగ్గర టీ తాగుతున్న టాక్సీ డ్రైవర్లంతా ఫోన్ మీదకి వంగారు. సత్యశ్రీ బరువుల బారు పట్టుకుంది. భుజాల దాకా లేపి ఆగింది. ఊపిరి పీల్చింది. టీ గ్లాసు చేతిలో ఉందని మర్చిపోయి సింహాద్రి కూడా రెండు చేతులూ పైకెత్తేశాడు.

బారు ఆమె తలపైన కదలకుండా నిలిచింది. టీ మాత్రం ముగ్గురు డ్రైవర్ల చొక్కాల మీద పడింది. ఒక్కడూ తిట్టలేదు.