ఎదురుకాళ్ళ నూకరత్నం

జిమ్మీ వెనకకాళ్ళు రెండూ పడిపోయాయి. ముందుకాళ్ళతో పెరటి గచ్చును గీరుకుంటూ, మిగతా ఒంటిని తడిగుడ్డలా ఈడ్చుకుంటూ అది రమామణి వైపు పాకుతోంది. అరవడానికి నోరు తెరుస్తోంది గాని అరుపు రావడం లేదు.

“ఏం చేసేవే దాన్ని? నూకరత్నం! ఏం చేసేవు?”

నూకరత్నం ఎడమకాలు అప్పుడే నేలకి ఆనింది. రెండు రోజులుగా చేస్తున్నదే ఇవాళా చేసింది. కుక్క నడుం మీద బొటనవేలు ముమ్మారు ఆనించి తీసింది. ఈగ వాలినా అంతకన్నా బరువుగానే వాలుతుంది.

“తాకించేనమ్మా. మొన్నలాగే. నిన్నలాగే.”

“నిన్న నడిచిందే! ఇవాళ చూడు!”

పక్కింటి రాజ్యం గోడ మీంచి తల పెట్టింది. పొద్దున్నే ఇంతకన్నా మంచి కాఫీ ఆవిడకి దొరకదు.

“నేను చెప్పలేదూ రమామణీ? చెరుకుబళ్ళ ఎద్దుల మీద పెట్టే కాలమ్మా అది. గుప్పెడంత కుక్క ఆగుతుందా?”

నూకరత్నం కుక్క వైపే చూస్తోంది. యాభై దాటిన మనిషి. ఎండిన కొబ్బరిమట్టలా ఉంటుంది. కామేశం కాఫీహోటల్లో ఏళ్ళ తరబడి రుబ్బురోలు పొత్రం తిప్పి తిప్పి కుడిభుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది. పాదాలు మాత్రం వెడల్పుగా, వేళ్ళు ఎడంగా, నేలను పట్టుకున్నట్టుంటాయి. చోడవరంలో ఆమె ముఖం గుర్తుపట్టనివాళ్ళు చాలామంది. కాలిని గుర్తుపట్టనివాళ్ళు తక్కువ.

రోలుగుంట దగ్గర ఓ పల్లెలో ఆమె ఎదురుకాళ్ళతో పుట్టింది. ముందు పాదాలు బయటికొచ్చాయి, తల తరవాత. అలా పుట్టినవాళ్ళు కాలితో తాకితే నడుంపట్టు, మెడపట్టు వదులుతుందని అక్కడ అందరికీ తెలుసు. నడక రాకముందే ఎవరెవరో ఆ పసిపిల్లను ఎత్తుకుపోయి తమ నడుముల మీద నిలబెట్టుకున్నారు. తాకేటప్పటికి పొద్దు పొడవకూడదు. తాకేవాళ్ళ కడుపులో ఏమీ ఉండకూడదు. పాదానికి చెప్పు ఉండకూడదు. మూడు రోజులు వరసగా, మధ్యలో తప్పకూడదు. ప్రతిఫలం పుచ్చుకుంటే కాలి మహిమ పోతుంది. అందుకని అవసరమైనవాళ్ళు “నూకరత్నం ఉందా?” అని అడగరు. “ఆ కాలు ఎక్కడుంది?” అని అడుగుతారు.

నిజంగా మహిమ ఉందా అంటే ఆమెకి తెలియదు. ఉందని ఎప్పుడూ అనలేదు. ఎవరైనా రమ్మంటే వెళ్ళింది. పడుకున్నవాళ్ళు లేచి నడిచారు. కొందరు లేవలేదు.

పిట్టగోడ మీద పిల్లిని తరుముతూ కింద పడ్డాక జిమ్మీకి నడుం పట్టేసింది. పశువుల డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టి, అవి పూర్తయ్యేదాకా కదపొద్దన్నాడు. రెండు పొడవగానే రమామణి మనసొప్పక మాన్పించేసింది. ఇసక కాపడం పెట్టింది. ఆముదం ఆకు వెచ్చబెట్టి కట్టింది. చివరికి అత్తగారు మహాలక్ష్మమ్మే, “ఆ కాలికి కబురంపవే” అంది.

మొదటి రోజు తాకించాక కుక్క లేచి నీళ్ళు తాగింది. రెండో రోజు పెరడంతా తిరిగింది. ఈ మూడోరోజు నూకరత్నానికే ఆలస్యమైంది. పచ్చడికి ఇంకో వాయి రుబ్బి వెళ్ళమన్నాడు కామేశం. ఆమె వీధి మలుపు తిరిగేసరికి రమామణి మొగుడు రమణమూర్తిని ఎక్కించుకుని ఆఫీసు జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోతోంది. రమామణి నూతిదగ్గర నీళ్ళకాగు కింద మంట వేస్తోంది. జిమ్మీ గచ్చు మీద బోర్లా పడుకుని ఉంది. పడుకుందనే అనుకుంది నూకరత్నం. కాలు తాకించింది. కుక్క లేవబోయింది. లేవలేకపోయింది.

ఇప్పుడామె వంగి, కుక్క ఒంటి మీద చెయ్యేసింది. తెల్లటి బొచ్చు. కుడివైపు పక్కటెముకల వెనక, నడుం మొదట్లో, వేళ్ళకి వేడిగా వాపు తగిలింది. అక్కడ బొచ్చు మీద గోధుమరంగు చార. వేలితో రుద్దితే వేలికి అంటుకుంది. వాసన చూసింది.

బూట్లపాలిష్.

“ముట్టుకోకు దాన్ని!” గుమ్మంలోంచి మహాలక్ష్మమ్మ గభాల్న అంది. “ఇంక చాల్లే. వెళ్ళు. దాని రాత అలా ఉంది.”

ముసలావిడ నూకరత్నం వైపు చూడలేదు. తులసికోట వైపు చూస్తోంది. నూకరత్నం కొంగుతో ఆ చార తుడిచేసింది. ఎందుకు తుడిచిందో ఆమెకే తెలియదు. మరక కనిపిస్తే తుడవడం అలవాటు.

డాక్టరు వచ్చి కుక్క నడుం నొక్కి చూశాడు. పెదవి విరిచాడు.

“వెన్ను విరిగిందండీ. లోపల నెత్తురు పోతోంది. గట్టి దెబ్బే తగిలింది. కదపొద్దని మరీమరీ చెప్పేనుగా?”

“తన్నిందండీ ఇది!” గోడ మీంచి రాజ్యం చెయ్యి చాచి చూపించింది.

డాక్టరు నూకరత్నం పాదం వైపు చూశాడు. ఆమె ఆ పాదాన్ని రెండోదాని వెనక్కి లాక్కుంది.

కబురు ఆమెకన్నా ముందే హోటలు చేరింది.

“ఏవేఁ, కుక్కని విరగ్గొట్టేవటగా?” కామేశం గల్లాపెట్టె మీద దరువేశాడు. “ఆ కాలితో నా పెనం దగ్గరికి రాకేం. అట్లు విరిగిపోతాయి!”

బల్లల దగ్గర నవ్వులు లేచాయి. నూకరత్నం పెరట్లోకి వెళ్ళి రోటి ముందు కూర్చుంది. పప్పు వేసింది. పొత్రం తిప్పింది.

బుచ్చయ్యపేట నుంచి చెరుకు తోలే తవిటయ్య పెరటి దడి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కాడి ఒరుసుకుని అతని ఎద్దుకి మెడ వాచిపోయింది. రేపటినుంచి మూడు రోజులూ కాలు పెట్టాలని నిన్ననే మాట పుచ్చుకున్నాడు. ఎద్దు అతని వెనకే ఉంది, తల ఒక పక్కకి వాల్చుకుని.

“అప్పా,” అన్నాడు. ఎద్దు పగ్గం చేతికి చుట్టుకున్నాడు. “రేపొద్దులే. పసుపూ నూనీ రాసి సూత్తాను. తగ్గకపోతే అప్పుడు సూద్దారి.”

“నీ ఇట్టం తమ్ముడా.”

“నీ మీద నమ్మకం నేక కాదు...”

“ఎద్దు ఎండలో ఉంది. తీసుకెల్లు.”

ఎద్దు వెళ్ళిపోయింది. తవిటయ్య వెళ్ళిపోయాడు. నూకరత్నం పప్పు పైకి తీసి, మళ్ళీ లోపలికి తోసి తిప్పింది. ఏడుపు వస్తుందేమోనని కాస్త ఆగి చూసింది. రాలేదు. మొగుడు కలపదుంగ కింద పడి పోయినప్పుడూ ఇలాగే చూసింది. ఎదురుకాళ్ళదాన్ని చేసుకున్నాడు, అందుకే పోయాడన్నారు అప్పుడు. అన్నవాళ్ళే తరవాత నడుంనొప్పి వస్తే కబురు పెట్టారు. వెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం పెరటి సందులో కిర్రు కిర్రున చప్పుడైంది. బూట్ల చప్పుడు.

రమణమూర్తి. చీడికాడ క్యాంపులో ఉండాల్సిన మనిషి. జీపు సందు చివర ఆపించి నడిచొచ్చాడు. గోధుమరంగు బూట్లు తళతళలాడుతున్నాయి. రెవెన్యూలో ఉద్యోగం, మాట తూచినట్టుంటుంది. ఇవాళ తూకం తప్పింది.

“నూకరత్నం, నీతో ఓ మాట. నువ్వు... ఆ చార తుడిచేవుట. ఇంటికెళ్తే మా అమ్మ చెప్పింది.”

ఆమె పొత్రం తిప్పుతూనే ఉంది.

“నేనూ నీలాగే పుట్టేను,” అన్నాడతను. “ఎదురుకాళ్ళతో. మా అమ్మ ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే వీధంతా నడుములు పట్టుకుని మా గుమ్మంలో పడుకుంటారని. ఇవాళ నువ్వు రాలేదు. పొద్దు పొడవబోతోంది, మూడోరోజు తప్పకూడదు, నువ్వైనా కాలు పెట్టరా అని ఒకటే గోల. అవతల జీపు హారను. రమామణి వంటింట్లో ఉంది. బూటు విప్పే టైము లేదు. నాకెలా తెలుస్తుంది ఎంత గట్టిగా పెట్టాలో? ఒక్కటే. కొంచెం గట్టిగా పడింది.”

“బోసికాలు పెట్టాల బాబూ.”

“తెలుసు.”

“తన్నడం కాదు బాబూ. తాకించడం.”

“తెలుసన్నానుగా!” గొంతు పెరిగింది. వెంటనే తగ్గించాడు. “రమామణికి తెలిస్తే నా మొహం చూడదు. ఆ కుక్క అంటే దానికి... నేను క్యాంపులకి పోతే రోజంతా దానితోనే మాట్లాడుతుంది. నీ కాలే అనుకుంటున్నారుగా, అలాగే ఉండనీ. ఊరి చివర ఇళ్ళస్థలాలు ఇస్తున్నారు. నీకొకటి ఇప్పిస్తాను. నాది మాట. ఎన్నాళ్ళుంటావు ఈ కట్టెల పాకలో? అయినా, నీకు పోయేదేముంది చెప్పు?”

నూకరత్నం వెనక్కి తిరిగి పాకను చూసింది. హోటలు కట్టెల మధ్య చాప పరుచుకునేంత చోటు. వానొస్తే కట్టెలకి ముందు గోనె కప్పాలి, తరవాత తనకి. సొంత స్థలం అంటే ఎలా ఉంటుందో ఊహించబోయింది. ఒక గుమ్మం కనిపించింది. గుమ్మం తరవాత ఏమీ కనిపించలేదు.

పోయేదేముందో కూడా చూసుకుంది. కాలి పేరు. పొద్దుపొడవక ముందు ఎవరో వచ్చి తడిక తట్టి, “అప్పా, ఓపాలి రావే” అనడం. ఆ ఒక్క పిలుపే.

“సూద్దాం బాబూ,” అంది.

అతను దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాడు. కిర్రు కిర్రుమంటూ సందులోంచి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలాక, పిండి కుండలకెత్తి మూతలు పెట్టి, నూకరత్నం కాళ్ళు కడుక్కుని రమామణి ఇంటికి నడిచింది. ఎవరూ రమ్మనలేదు. రావద్దని రాజ్యం గోడ మీంచి సైగ చేసింది కూడా.

వరండాలో గోనెపట్టా మీద జిమ్మీ పక్కకి ఒరిగి ఉంది. పక్కనే రమామణి. ఒళ్ళో పాత చీరముక్క, బూరుగు దూది. కుక్క నడుం కింద పెట్టడానికి చిన్న పరుపు కుడుతోంది. పడకకుర్చీలో రమణమూర్తి పేపరు పట్టుకుని ఉన్నాడు. పేజీ తిప్పడం లేదు.

రమామణి తలెత్తింది. పొద్దుటి కోపం మొహంలో ఎక్కడా లేదు.

“వచ్చేవా? కూర్చో.”

నూకరత్నం కింద కూర్చుంది. కుక్క మెడ మీద చెయ్యి వేసింది. ఊపిరి చాలాసేపటికి ఒకటి వస్తోంది. కన్ను తెరిచే ఉంది.

“నిన్ను అనవసరంగా తిట్టేను నూకరత్నం,” అంది రమామణి, కుడుతూనే. “నీదేం తప్పు? పిలిస్తే వచ్చేవు. డాక్టరు కదపొద్దన్నాడు. నేను విన్నానా? ఇసకన్నాను, ఆకులన్నాను, నిన్ను పిలిచేను. నాలుగు రోజులు దాన్ని దాని మానాన పడుకోనిస్తే సరిపోయేది. నేనే చేసేను. నా చేతులారా చంపుకుంటున్నాను.”

“ఊరుకో రమా,” అన్నాడు రమణమూర్తి.

“ఎలా ఊరుకోను? రేపట్నించి గచ్చు మీద నడుస్తుంటే ఎలా ఉంటుంది నాకు?”

నూకరత్నం చేతి కింద ఒక ఊపిరి వచ్చింది. ఇంకోదాని కోసం చెయ్యి అలాగే ఉంచింది. వీధిలో ఖాళీ చెరుకుబండి ఒకటి గలగలమంటూ పోయింది. రెండో ఊపిరి రాలేదు. ఆమె చెయ్యి తియ్యలేదు.

“నేనే,” అంది రమామణి మళ్ళీ, మెల్లిగా, పాఠం అప్పజెప్పినట్టు. “నేనే.”

“అబ్బబ్బ! దీని కాలు బరువు ఎక్కువైంది, అంతే,” రమణమూర్తి పేపరు దించాడు. “నీ తప్పేవిటి మధ్యలో? కావలిస్తే దాన్నే అడుగు. చెప్పవే నూకరత్నం.”

లోపల మహాలక్ష్మమ్మ జపమాల చప్పుడు ఆగిపోయింది.

నూకరత్నం నోరు తెరిచింది. చెప్పడానికి సిద్ధంగా ఉన్న మాట ఒకటి ఉంది. మధ్యాహ్నం నుంచీ నోట్లోనే ఉంది. నా కాలేనమ్మా. చిన్న మాట. ఇన్నేళ్ళలో మీద పడ్డవాటి పక్కన ఇదేం పెద్ద బరువు కాదు. కాని రమామణి సూది ఆపి ఆమె వంకే చూస్తోంది. ఆ చూపు తప్పు మోపడానికి చూస్తున్నది కాదు. ఎవరు చెప్పినా తనే మోయడానికి సిద్ధపడిపోయిన మనిషి చూపు. తన కాలని చెప్పినా, ఆ కాలిని పిలిపించింది నేనేగా అంటుంది. నూకరత్నానికి ఆ లెక్క బాగా తెలుసు. అది ఒకసారి భుజానికెక్కితే దిగదు.

“అమ్మా, అది పోయింది,” అంది.

రమామణి కదలలేదు.

“నా కాలని సెప్పమన్నారు. సెప్పీసుదును. నా మీద ఏసుకోడం నాకు అలవాటే. నువ్వు నీ మీద ఏసుకుంతన్నావు. నువ్వెందుకమ్మా? నువ్వేటి సేసేవు, పెంచేవు.”

“నూకరత్నం!” రమణమూర్తి లేచాడు. పడకకుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది.

“నానొచ్చేతలికే అది లెగవలేక పడుంది. నాను పోల్చుకోనేకపోయేను. కుడిపక్కని బూటుపాలీసు అంటుకునుంది. నానే తుడిసీసేను.”

“ఎవరు?” అంది రమామణి. ఆ ఒక్క మాటా గాలిలా వచ్చింది.

నూకరత్నం లేచి నిలబడింది. కుడిభుజం కిందికి జారే ఉంది. గొంతు మాత్రం రాజ్యం గోడ దాకా, ఆ వెనకింటి దాకా వినిపించింది.

“మీ ఆయన. రమణమూర్తి బాబు. బూటుకాల్తో తన్నేరు.”

రమామణి మొగుడి వైపు తిరిగింది. ఆమె ఒళ్ళోంచి జారిన చిన్న పరుపు గచ్చు మీద పడి ఉంది. మూడువైపులా కుట్టు పూర్తయింది. నాలుగోవైపు తెరిచిన మూతిలోంచి బూరుగు దూది పింజ ఒకటి బయటికొచ్చి గాలికి అల్లాడుతోంది. సూది దారంతో సహా పరుపుకే గుచ్చుకుని ఉంది.