తొమ్మిదీ నలభై ఫోను

కొసుగె అద్దం ముందు నిలబడి చూపుడువేలు చాపాడు. "టోపీ, ఉంది. మాస్కు, ఉంది. సూదిమందు, జేబులో ఉంది." వేలు ఎడమ మణికట్టు మీది స్టీలు గొలుసు దగ్గరికొచ్చి ఆగింది. "బిళ్ళ..." అన్నాడు. మిగతా మాట పైకి రాలేదు.

రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. సిగ్నలైనా, తలుపైనా వేలితో చూపించి పైకి చెబితేనే చూసినట్టు లెక్క. ఆ అలవాటు ఇంటికీ వెంట వచ్చేసింది. పెళ్ళీ పెటాకులూ లేని ఇంట్లో గ్యాసు పొయ్యికి కూడా రోజూ వేలు చూపించి మరీ తలుపుకి తాళం వేస్తాడు.

గొలుసుకున్న బిళ్ళ ముందువైపు అతని పేరు, దాని కింద 'సోబా పడదు, ఆవిరి కూడా పడదు' అని ఉంటుంది. సోబా అంటే బక్‌వీట్ అనే గింజల పిండితో చేసే నూడుల్స్. ఆ కొండ ఊళ్ళో సోబా తినని మనిషి కొసుగె ఒక్కడే. వెనకవైపు, ఆపద వస్తే ఫోను చేయవలసిన చోట తొమియె అని పేరు, ఒక నంబరు. ఆ నంబరు అతను పనిచేసే స్టేషన్లో ఒకటో ప్లాట్‌ఫారం మీది ఆమె సోబా కొట్టుది. సోబా పడని మనిషి ప్రాణాన్ని సోబా కొట్టు ఫోనుకి కట్టారని ఊరంతా నవ్వింది. నవ్వి నవ్వి విసుగొచ్చి మానేసింది.

ఇవాళ ఆ కొట్టు మూసేస్తున్నారు. తొమియె మోకాళ్ళు అరిగిపోయాయి. సాయంత్రం నాలుగూ పన్నెండు బండికి, సముద్రం పక్క ఊళ్ళో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. కొట్టు ఫోను కూడా ఇవాళ్టితో సరి. కొత్త బిళ్ళ చెక్కించడానికి వెళితే, వెనక ఎవరి పేరు వేయాలని దుకాణంలో అడిగారు. కొసుగె ఆ గడి ఖాళీగా వదిలేసి వచ్చాడు. మీ పేరే ఉండనిస్తారా అని ఆమెను అడగాలని పది రోజులుగా నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. విశ్రాంతి కోసం వెళ్ళే మనిషి మెడకి తన ప్రాణాన్ని వేలాడదీయడమేమిటని అతని బాధ.

పంతొమ్మిదేళ్ళ కిందట, తొమియె కొట్టు పెట్టిన మొదటి చలికాలం, దీన్లో సోబా లేదు, గోధుమవే, తినండని అతని చేతిలో గిన్నె పెట్టింది. గోధుమవే, అబద్ధం కాదు. కానీ ఉడికింది సోబా ఉడికిన నీళ్ళలో. రెండు ముద్దలకే గొంతు పూడుకుపోయి కూలబడ్డాడు. ఆమె పరుగెత్తుకొచ్చి, ఆ సోబా పిండి చేతులతోనే అతని ముఖం పట్టుకుంది. ఉన్నది చాలదన్నట్టు కళ్ళు కూడా వాచిపోయాయి.

ఎలాగో బతికాడు. చేతికి గొలుసు వేసుకోవాల్సిందేనన్న డాక్టరు, నీకెవరున్నారని అడిగితే కొసుగె పైకప్పు చూశాడు. గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డ తొమియె కొట్టు నంబరు చెప్పింది. కొట్టు లేని స్టేషనుకి మారుస్తామని పైవాళ్ళు అంటే అతను వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో ఎవరూ అడగలేదు. ఆ మనిషి అక్కడుంది కాబట్టి వద్దన్నాడు, అంతే.

అప్పటినుంచి కొట్టుకి పది అడుగుల ఇవతల నేల మీద తెల్ల టేపు అంటించి ఉంది. ఆమె అంటించిందే. దాన్ని అతను దాటడు, పని బట్టలతో ఆమె దాటదు. నంబరు పనిచేస్తోందో లేదో చూడాలి కాబట్టి రోజూ తొమ్మిదీ నలభైకి ఆఫీసు నుంచి ఫోను చేస్తాడు. కిటికీలోంచి ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు.

ఇవాళ కూడా చేశాడు.

"వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది."

"అయితే పెట్టేయండి, నీళ్ళు మరుగుతున్నాయి."

రోజూ ఇవే మాటలు. ఇవాళ మాత్రం అతను పెట్టలేదు. ఆమె కూడా పెట్టకుండా, ఏమిటని అడిగింది. ఏం లేదన్నాడు.

మధ్యాహ్నం ఊరివాళ్ళు చివరి గిన్నె కోసం వరుసకట్టారు. కొసుగె గాలికి ఎదురువైపు బల్ల మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం, ఉప్పు చేప తిన్నాడు. రెండింటికి ఆవిరి ఆగింది. కుండలు వ్యానెక్కాయి. తొమియె వేణ్ణీళ్ళు పోసి గోడలు సైతం కడిగింది. అతను బెంచీలు తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

నాలుగింటికి తొమియె చేతిసంచితో వచ్చి, టేపు దాటి అతని ఎదురుగా నిలబడింది. తల ఇంకా తడిగానే ఉంది.

"స్నానం చేశాను. ఇవి కొత్త బట్టలు. భయపడకండి" అంది.

"కొత్త బిళ్ళ చేయిస్తున్నాను. మీ పేరు తీసేద్దామని..."

"తీసేసి ఎవరిది వేస్తారు?"

ఆమె అతని చెయ్యి పట్టుకుని, బిళ్ళ తిప్పి, అరిగిపోయిన అంకెల్ని బొటనవేలితో తడిమింది.

"పరుగెత్తుకు రాలేను, నా మోకాళ్ళు చూశారుగా. అయినా మీకేమన్నా అయితే ముందు తెలియాల్సింది నాకు. అక్క ఇంటి నంబరు చెబుతా, రాసుకోండి."

రాసుకున్నాడు. అంకెలు వంకరగా వచ్చాయి. ఆమె బండెక్కి తలుపు దగ్గర నిలబడి, రేపు తొమ్మిదీ నలభైకి ఫోను మోగకపోతే రైల్వేవాళ్ళ మీదికి పోట్లాటకొస్తానని చెప్పింది.

"తలుపులు, సరే. సిగ్నలు, సరే" అన్నాడు కొసుగె వేలు చాపి. బండి సరైన వేళకే కదిలింది.

అది మలుపు తిరిగాక, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి టేపు దాటి కొట్టు అద్దం దాకా వెళ్ళాడు. లోపల అంతా ఖాళీ. అరమీద వైరు చుట్టిపెట్టిన ఫోను ఉంది. దాని పైన గోడకి నూనె మరకల కాగితం ఒకటి, ఆమె తనకి తానే రాసుకున్నది: 'కొసుగె గారికి బాగాలేదని ఫోనొస్తే పొయ్యి కట్టెయ్. ఆప్రాన్ విప్పెయ్. మోచేతుల దాకా చేతులు కడుక్కో. అప్పుడు పరుగెత్తు.'

కాగితం పాతబడి పసుపెక్కింది, కానీ 'అప్పుడు' అన్న మాట కింద రెండు ఎర్రగీతలు ఇంకా అలాగే ఉన్నాయి.