చంపావతి అనే ముగ్గురు

నేను ఒక పగబట్టిన హార్మోనియం పెట్టెను. చెక్కపెట్టెకు పగేమిటని నవ్వకండి. ఊపిరి పీల్చి వదిలేది ఏదైనా పగ పట్టగలదు, ఊపిరి పీల్చి వదలడమే పుట్టినప్పటి నుంచీ నా పని. నా పగ పోలినాయుడు అనే మనిషి మీద. ఆయనది మంచి గొంతు, ఆ మాట నేను ఎప్పుడూ కాదనలేదు. కాదనగలిగితే నాకు చాలా సుఖంగా ఉండేది.

నన్ను తయారుచేసింది విజయనగరంలో మస్తాన్ సాహెబు అనే ముసలాయన. టేకు చెక్కతో ఒళ్ళు, తోలు అంచుల తిత్తి, ఎక్కడో గుజరాతు నుంచి వచ్చిన ఇత్తడి రీడ్లు. ఒక్కో రీడునూ చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, నచ్చకపోతే దాన్ని తిట్టి మళ్ళీ గీకేవాడు. అన్ని తిట్లు తిని పుట్టినదాన్ని, నా నోరు మంచిదవుతుందని ఆయన ఎలా అనుకున్నాడో తెలియదు.

నన్ను మొదట కొన్నది మజ్జి సింహాచలం. పౌరాణిక నాటకాలకు హార్మోనిస్టు. పద్యం చివర రాజుగారు రాగం తీస్తూ ఊపిరి చాలక గుటకలు మింగుతుంటే, ఆ రాజసం కిందపడకుండా పట్టుకున్నది నేను. వన్స్‌మోర్లు మాత్రం కిరీటానికి వెళ్ళేవి. సింహాచలం తన భార్య గౌరమ్మను నా మెట్ల మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె నన్ను తుడిచే వంకతో ఒక్కో మెట్టూ నొక్కి చూసుకునేది. ఆయన పోయిన రెండు నెలలకే ఆమె నా మీద నాటకాల పద్యాలన్నీ వాయించేసిందంటే, ఆ తుడవడం ఎన్నేళ్ళు సాగిందో మీరే ఊహించుకోండి.

గౌరమ్మ ఒక జూటు మిల్లు కాలనీలో బాలవాడి టీచరు. అక్కడ ఆమెకు ఇద్దరు దొరికారు. లెంక అప్పలసూరి మిల్లులో మగ్గం నడిపేవాడు. నోట్లోంచి మాట రావడం కష్టం కానీ, జేబులో ఎప్పుడూ రెండు మూడు చీటీలు, వాటి మీద పాటలు ఉండేవి. పోలినాయుడు అదే మిల్లులో గుమాస్తా. ఆయన జేబులో ఎప్పుడూ దువ్వెన ఉండేది. ఇద్దరూ గౌరమ్మను అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేవారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే ముగ్గురూ ఆమె వసారాలో చేరేవారు. సూరిది మాట, గౌరమ్మది వరస, నాయుడిది గొంతు. పేరుకు అలా పంచుకున్నారే కానీ, ముగ్గురూ అన్నింట్లోనూ వేలు పెట్టేవారు. రేషను షాపు క్యూల మీద, మిల్లు కూత మీద, కాలనీలో ఎవరి పెళ్ళయితే వాళ్ళ మీద పాటలు కట్టారు. నాయుడు కావాలనే ఒక మాట తప్పు పాడి సూరిని ఉడికించేవాడు. సూరి ఉడుక్కుంటే నత్తి వచ్చేది, ఆ నత్తి నవ్వులోకి దిగేది, గౌరమ్మ విసనకర్రతో ఇద్దరికీ చెరొకటి అంటించేది. నేను రాజుల దగ్గర పనిచేశాను, అంత సంతోషం ఏ కొలువులోనూ చూడలేదు.

ఒకసారి ఒక చరణం నాదంటే నాదని ముగ్గురికీ పేచీ వచ్చి మూడు వారాలు మాటల్లేవు. నాలుగో వారం గౌరమ్మే ఇద్దరినీ పిలిచి ఒక నియమం పెట్టింది. ఇకమీదట రాసేది తాము కాదు, చంపావతి. అది ఊరి పక్కన పారే ఏటి పేరు. ముగ్గురికీ అదే కలం పేరు. ఎవరి చరణం ఎవరిదో చచ్చినా బయట చెప్పకూడదు. ముగ్గురూ నా మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు, అడిగితే వద్దనేదాన్ని.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో సూరి ఒక చీటీ తెచ్చాడు.

పోగూ పోగూ కలిస్తే గోనె
నువ్వూ నేనూ కలిస్తే పాట
గోనె చిరిగితే కుట్టుకుందాం
పాట చిరిగితే ఎవరు కుడతారు

దానిలో మిగతా ఇద్దరూ ఒక్క అక్షరం మార్చలేదు. వరస కుదరడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. అయిదో ఆదివారం నాయుడు ఆఖరి చరణాన్ని పైకెత్తి పాడుతుంటే, సూరి వినలేక లేచి పెరట్లోకి వెళ్ళిపోయి నూతి గట్టు మీద కూర్చున్నాడు. చంపావతి పాటల్లో పూర్తిగా ఒక్కడిదైన పాట అదొక్కటే. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు, నాకూ తెలుసు.

మగ్గాల ధూళి సూరి ఊపిరితిత్తుల్లో చేరింది. నేను తిత్తితో బతికేదాన్ని కనుక అతని దగ్గు వింటేనే ఎక్కడ చిల్లు పడిందో నాకు అర్థమైంది. అతన్ని ఆసుపత్రిలో చేర్చిన నెలలోనే నాయుడికి రేడియోలో పాడే అవకాశం వచ్చింది. పాట వచ్చే సాయంత్రం గౌరమ్మ ఒక రేడియో పట్టుకుని సూరి మంచం దగ్గర కూర్చుంది. గోనె పాట వచ్చింది. పాట ముందు ఒక గొంతు రచన, స్వరకల్పన, గానం చంపావతి పోలినాయుడు అని చెప్పింది. సరిగ్గా అప్పుడే సూరికి దగ్గు తెర వచ్చింది.

పాట అయ్యేదాకా కళ్ళు మూసుకుని విన్నాడట. "బాగా పాడినాడప్పా," అన్నాడట. ఆ తర్వాత అడిగాడట. "నా పేరు సెప్పినారేటి?"

"సెప్పినార్రా," అంది గౌరమ్మ. "లెంక అప్పలసూరి అని ఇంటిపేరుతో సెప్పినారు. నీ దగ్గులో నీకు వినపడ్నేదు."

సూరి వారం తర్వాత పోయాడు. దినకర్మలయ్యాక గౌరమ్మ నా ముందు కూర్చుని ఇదంతా చెప్పింది. చచ్చిపోయే మనిషికి అబద్ధం చెప్పానని, దాన్ని నిజం చెయ్యకపోతే తనకు అన్నం సయించదని ఏడ్చింది. ఎక్కడో ఒకచోట, నలుగురి ముందు, పోలినాయుడి నోటితోనే ఆ పేరు రావాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. నాకు మాత్రం ఇంకా చాలా కావాలనిపించింది.

రెండేళ్ళు తిరిగేసరికి నాయుడు ఉద్యోగం మానేసి విజయనగరంలో మకాం పెట్టాడు. క్యాసెట్లు వచ్చాయి, జులపాలు వచ్చాయి, పట్నం భాష వచ్చింది. గౌరమ్మ వెళ్ళి అడిగింది. ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఎంతో మర్యాదగా జవాబు చెప్పాడు. "ఎవరి చరణం ఎవరిదో బయట చెప్పకూడదన్న నియమం నువ్వే పెట్టావు కదా అప్పా. నేను ఒట్టు తప్పే మనిషిని కాదు." పైగా అదే నెలలో ఒక టీవీ వాళ్ళకు, చంపావతి అంటే తానేనని, ఆ పేరుతో వచ్చే ప్రతి అక్షరమూ తన కలంలోంచి వచ్చిందేనని చెప్పాడు.

ఆ మాట వినగానే గౌరమ్మ ఏడుపు ఆగిపోయింది. నన్ను దగ్గరికి లాక్కుంది. ఆ రోజు మేమిద్దరం కట్టినది ఎలుకల మందు పాట.

తర్వాతి రెండేళ్ళూ నా జీవితంలో మహా సంబరంగా గడిచాయి. అడిగినవాళ్ళకల్లా గౌరమ్మ ఉచితంగా పాట రాసిచ్చేది. షరతు ఒక్కటే, రచన చంపావతి అని మైకులో చెప్పాలి, కరపత్రంలో వెయ్యాలి. వార్డు ఎన్నికల్లో ఇద్దరు ప్రత్యర్థులకూ ఒకే వరసలో రాసిచ్చింది. రైల్వే గేటు దగ్గర ఇద్దరి ప్రచారపు ఆటోలూ ఎదురుపడి, పాట దొంగిలించారని రెండు పక్షాలూ కలబడ్డాయి. తలనూనెకు రాసింది, దోమల బత్తికి రాసింది. ఎంత చెత్తగా రాయాలో ఆమె ఎంచుతుంటే, ఎంత కర్ణకఠోరంగా మోగాలో నేను చూసుకున్నాను. అన్నింటికీ మకుటం మూలశంక మందు పాట. బలివాడ కామేశం అనే ఆయన కొత్తగా పెట్టిన మందుల దుకాణం కోసం కట్టాం.

కూర్చోలేని కాంతయ్యా, కుర్చీ అంటే భయమా
ఒక్క పొట్లం మింగితే సింహాసనం నీదయా

జిల్లా అంతా పాకింది. పిల్లలు బడికి వెళ్తూ పాడుకున్నారు. నాయుడు ఎక్కడ కచేరీ పెట్టినా వెనక వరసలోంచి కాంతయ్య పాట కావాలని కేకలు. తాను రాయలేదని అనడానికి లేదు, ప్రతి అక్షరం తనదేనని టీవీలో చెప్పుకున్నాడు కదా. ఆయన నలిగిపోతున్నాడని విన్నప్పుడల్లా నా రీడ్లు తేలికయ్యేవి.

ఆఖరికి ఒక రోజు నాయుడే మా వసారా ఎక్కాడు. జులపాలు చెదిరిపోయి ఉన్నాయి. పట్నం భాష గేటు బయటే వదిలేసి వచ్చినట్టున్నాడు. "నన్ను బతకనీయవేటప్పా," అన్నాడు. తనకు విజయనగరంలో పెద్ద సన్మానం జరగబోతోందని, అక్కడ కూడా కాంతయ్య పాట అడిగితే తల ఎత్తుకోలేనని, ఆపెయ్యమని బతిమాలాడు. గౌరమ్మ తన షరతు చెప్పింది. ఆ సభలో అప్పలసూరి పేరు చెప్పాలి. నాయుడు తల వంచుకుని సరేనన్నాడు. హార్మోనియం వాయించడానికి ఆమెనే రమ్మన్నాడు కూడా.

ఆదివారం ఉదయం కల్యాణమండపం నిండిపోయింది. గౌరమ్మ నన్ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పూలదండలు, శాలువా, వక్తల పొగడ్తలు అయ్యాయి. నాయుడు మైకు దగ్గరికి వచ్చాడు. ఆమె తిత్తి పట్టుకుని ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను.

తానొక రహస్యం చెప్పాలన్నాడు నాయుడు. చంపావతి అంటే తానొక్కడే కాదు, తనకొక మిత్రుడు ఉండేవాడు, పేరు లెంక అప్పలసూరి. గౌరమ్మ కళ్ళు తుడుచుకుంది. నాయుడు చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "పాపం, అతనికి అంతగా చేతకాదు. ఎలుకల మందు, మూలశంక లాంటివి అతను రాసుకున్నవి. పోయినవాడి పరువు కాపాడాలని ఇన్నాళ్ళూ ఆ నింద నేనే మోశాను."

సభ అయ్యో అంది. కొందరు నవ్వారు. మేము కోరుకున్న పేరు, కోరుకున్న నోటితోనే, అంతమంది ముందు వచ్చింది. ఆ పేరు మీద చల్లిన బురద మాత్రం మేము రెండేళ్ళుగా కష్టపడి కలిపింది. నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

గౌరమ్మ లేచి నిలబడింది. మైకు దాకా వెళ్ళలేదు, బాలవాడి గొంతు కనుక అవసరం రాలేదు. "ఆ సెత్త పాటలు నావి," అంది. "ఎలకల మందు నాది, దోమల బత్తి నాది, మూలశంక నాది. ఒక్కటీ సూరిది కాదు. నేనే కూకుని, కావాలనే, ఈ నాయుడి మీద పగతో రాసినాను."

హాలు గొల్లుమంది. అరవై ఏళ్ళ టీచరమ్మ మూలశంక పాట తనదేనని తెల్లచీర కొంగు బిగించి వాదిస్తోంది. నాయుడు జాలిగా నవ్వి, అప్ప సూరిని సొంత తమ్ముడిలా చూసుకునేదని, అందుకే నింద తన మీద వేసుకుంటోందని చెప్పాడు. ఆ జాలికి చప్పట్లు కూడా వచ్చాయి.

అప్పుడు ముందు వరసలోంచి బలివాడ కామేశం లేచాడు. సభకు శాలువాలు ఆయనే ఇచ్చాడు. ఆయనకు ఈ గొడవతో సంబంధం లేదు, తన మందు పాట గురించి తప్పుగా చెబితే మాత్రం ఊరుకోడు. అప్పలసూరిగారు పోయి ఎన్నాళ్ళయిందని నాయుడినే అడిగాడు. నాయుడు నాలుగేళ్ళని చెప్పాడు.

"నా దుకాణం ఎట్టి రెండేళ్ళే కదా బాబూ," అన్నాడు కామేశం. "సచ్చిపోయిన మనిషి నా మందుకి పాటెలా రాసినాడు? నాకిచ్చింది ఈ టీచరమ్మే. నా ఎదురుగానే రాసి, నా ఎదురుగానే నవ్వుకున్నాది."

నాయుడి దువ్విన తల మీంచి చెమట కారడం స్టేజి మీద నుంచి నాకు బాగా కనిపించింది. అంత బాగా కనిపించినందుకు మస్తాన్ సాహెబుకు మనసులో దండం పెట్టుకున్నాను. గౌరమ్మ సభ వైపు తిరిగి, చెత్తంతా తనదని ఒప్పుకున్న మనిషి చెప్పే ఇంకొక్క మాట నమ్మమంది. గోనె పాట అప్పలసూరిది, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. ఒట్టు తప్పుతున్నానని కూడా చెప్పింది. తర్వాత వచ్చి నా ముందు కూర్చుంది.

"పేరు సెప్పి పాడు," అంది నాయుడితో.

ఆయనకు వేరే దారి లేదు. రచన లెంక అప్పలసూరి అని చెప్పాడు. మైకులో సరిగా రాలేదని ఆమె మళ్ళీ చెప్పించింది. ఆయన పాడాడు. గొంతు పగిలిపోవాలని, శ్రుతి తప్పాలని, ఆఖరి చరణం దగ్గర కూలిపోవాలని నేను మనసారా కోరుకున్నాను. అదేమీ జరగలేదు. ఆయన తన జీవితంలో ఎప్పుడూ అంత బాగా పాడలేదు. ఆ గొంతు కిందపడకుండా పట్టుకుని మోసింది కూడా నేనే. ఆ సంగతికి ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాయుడు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గౌరమ్మను అడిగాడు. "అప్పా, వచ్చే ఆదివారం ఇంటికి రానా?"

గౌరమ్మ నా తిత్తి మూసి, కొక్కెం బిగించింది.

"రా," అంది. "వచ్చేటప్పుడు సూరిని కూడా తీసుకురా."

అది జరిగి పదకొండు వారాలైంది. నాయుడు రాలేదు. కచేరీలు మానేశాడని, ఇంట్లోంచి బయటికి రావడం లేదని కామేశం చెప్పి వెళ్ళాడు. ఆ రోజంతా నాకు హాయిగా ఉంది. నేను వసారాలో నా చోటే ఉన్నాను. గౌరమ్మ రోజూ నన్ను తుడుస్తోంది, పాటలు మాత్రం కట్టడం లేదు. మనుషులు పగ కూడా సరిగ్గా చివరిదాకా మోయలేరు. ఈమధ్య ఆదివారం మధ్యాహ్నం ఆమె వీధి తలుపుకు గడియ పెట్టడం మానేసింది. నాకు అది నచ్చలేదు.