మీసమున్న భీమారావు

భీమారావు విగ్రహం మీద కప్పిన పసుపు గుడ్డ లాగేసరికి, ముందు వరుసలో కూర్చున్న పైడమ్మ ఫక్కున నవ్వింది.

వలసొచ్చిన తెలుగు కార్మికులుండే డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ జనమంతా ఆవిడ ఏడుస్తుందనే ఎదురుచూస్తున్నారు. భర్త పోయి పన్నెండేళ్లు. ఆయనకు సిమెంటు విగ్రహం పెడుతున్నారని ఆవిడకు ఆ పొద్దుటే తెలిసింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని పరుగున వచ్చింది. తీరా చూస్తే పీఠం మీద ఉన్నది తన మొగుడు కాదు, కమిటీ పెద్ద దుర్గారావు. అవే బుగ్గలు, అదే మీసం.

"ఏటి దుర్గారావూ, బతికుండగానే విగ్రహం ఎట్టించేసుకున్నావా?"

దుర్గారావు చెవులు ఎర్రబడ్డాయి. "అది గాదు వదినా! మాకు దొరికింది గ్రూపు ఫోటో ఒకటే. అందులో అన్న మొహం పక్కకి తిప్పేసినాడు. విగ్రహం సేసే మూర్తికార్ ఏమో సామ్నే, ఎదురుగా మనిషి కావాలన్నాడు. ఒడ్డూ పొడుగూ ఒకటే గదాని నాను కూకున్నాను."

"ఒడ్డూ పొడుగూనా? ఆయన నీ భుజం కాడికొచ్చీవోడు. నన్నడిగితే పెళ్లి ఫోటో ఇద్దును గదా?"

"సర్‌ప్రైజ్ సేద్దామని..."

"సేసినావులే. మరి ఆ మీసమేటి?"

"వీరుడికి మూంఛ్ లేకపోతే బాగోదన్నాడు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే స్కూలు మాస్టరు హరీష్ గొంతు సవరించుకుని, హిందీ శిలాఫలకాన్ని తెలుగులో చదివి వినిపించాడు. పంతొమ్మిది వందల ఎనభై వానల్లో, మోవా దారిలో నాలా పొంగి బస్సు చిక్కుకుపోయింది. భీమారావు చెట్టుకు తాడు బిగించి, రెండో కొస నడుముకు కట్టుకుని, పదకొండు మందిని ఒక్కొక్కరినే ఒడ్డుకు చేర్చాడు. పదకొండోవాడు, అప్పటికి పద్దెనిమిదేళ్ల దుర్గారావు. "ఇంతటి గొప్ప ఈతగాడికి మా వందనం" అని ముగించాడు హరీష్.

పైడమ్మ నవ్వు ఆగిపోయింది. "ఈతగాడా? ఆయనకి ఈత ఎక్కడొచ్చు? గెడ్డలో నీళ్లు మోకాలు దాటితే ఒణికిపోయీవోడు."

దుర్గారావు ఆవిడ దగ్గరకొచ్చాడు.

"నన్ను భుజమ్మీదేసుకుని, భయం లేదురా, నానున్నాను అన్నాడు వదినా!"

"నీకలాగే సెప్పుంటాడు. ఇంటికొచ్చి టీ గ్లాసు పట్టుకోలేకపోనాడు. ఈత రాదని ఎవుడికీ సెప్పకు, పరువు పోతాదన్నాడు."

ముప్ఫై ఆరేళ్లు దాచిన మాట అలా జారిపోయినందుకు ఆవిడ మనసు చివుక్కుమంది. అయినా ఏదో బరువు దిగినట్టూ ఉంది.

దుర్గారావు పీఠం మెట్టు మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లుగా ఆ కథ చెప్పిన ప్రతిసారీ భీమారావుకు ఈత ఇంకాస్త బాగా నేర్పుతూ వచ్చినవాడు, ఇప్పుడు కళ్లు తుడుచుకుంటున్నాడు. పైడమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"ఊరుకో. సూసినోళ్లు విగ్రహం ఏడుస్తోందనుకుంటారు."

పదిహేను రోజులకు మందిర్ హసౌద్ నుంచి శిల్పి మళ్లీ వచ్చి, పెళ్లి ఫోటో చూసుకుంటూ బుగ్గలు తగ్గించాడు, మీసం గీకి తీసేశాడు. శిలాఫలకం మీది మాట ఎలా మార్చాలో పైడమ్మే చెప్పింది. హరీష్ పట్టుబట్టి తెలుగులోనూ చెక్కించాడు: "ఈత రాని భీమారావు పదకొండు మందిని దాటించాడు."

దారినపోయే కొత్తవాళ్లు అచ్చుతప్పేమోనని ఆగి, రెండోసారి చదువుతుంటారు.