సంధి గదికి నేసిన జంపఖానా

మట్టెవాడలో తెల్లారితే చాలు, లక్ష్మీనర్సయ్య, సరోజన ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుంటారు. ఎడమ సగం ఆమెది, కుడి సగం ఆయనది. నడుమ రెండు రంగుల పోగులు కలిసినచోట ఒకదాన్నొకటి మెలేసి ఇనుప పళ్ల పంజాతో గట్టిగా కొడతారు. జంపఖానా ఎక్కడ పరుస్తారో అక్కడ రేపు వినబడబోయే చప్పుడు, నేసేటప్పుడే మగ్గంలోంచి వస్తుంది. బడికైతే ఎక్కాలు, ఫంక్షన్ హాలుకైతే సన్నాయి. వాడకట్టులో ఎవరికీ అది వింత కాదు. కరెంటు పోయి టీవీ ఆగితే పక్కింటి పూలమ్మ వచ్చి కూర్చుని వింటుంది.

ఈసారి ఆర్డరు ఎక్కడో దూరదేశం నుంచి. ఆ దేశం ఒకప్పుడు ఒకటేనట, కొట్టుకుని రెండయింది. సరిహద్దు మీద ఏ గదిలో సంధి సంతకాలు పెట్టారో ఆ గదిలో పరచడానికి. సగం నీలం, సగం బూడిద రంగు, గీత సరిగ్గా నడుమ. ఆ గదిలో ఆ గీతే సరిహద్దు, ఎవరి కాలు అవతల పడ్డా కాల్చేస్తారట. వాళ్ల కొడుకు హరీశ్ శాంతిసేనతో పోయి ఆ గదికే కాపలా ఉన్నాడు, నీలం వైపు. అందుకే నీలం సరోజన తీసుకుంది.

మూడు రోజులు బూట్ల చప్పుడే. నాలుగో రోజు పొద్దున తుపాకీ పేలింది. నీలం సగంలోంచి "అమ్మా!" అని హరీశ్ గొంతు.

సరోజన జానెడు నేత విప్పేసింది.

"గీత నీ దిక్కు వేలెడు జరుపుతాన."

"నడుమనే ఉండాలన్నరు గదనే."

"వాని గొంతు ఇన్నవా, ఇనలేదా?"

ఆయన తన నూలు వెనక్కి తీసుకున్నాడు.

అక్కడిదాకా మళ్లీ నేసేసరికి మధ్యాహ్నమైంది. తుపాకీ మళ్లీ పేలింది. హరీశ్ అరవలేదు. సరోజన ప్రాణం కుదుటపడేలోపే బూడిద సగంలోంచి ఎవరిదో కుర్రగొంతు లేచింది. వాళ్లకు రాని భాష. అయినా ఎవరిని పిలుస్తున్నాడో ఇద్దరికీ తెలిసింది.

"నేత మళ్ల ఇప్పుదమా, సరోజనా?"

ముఖం తెలియని ఆ తల్లి కోసం ఆమె నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే పంజా అందుకుని కొట్టింది.

జంపఖానా పంపించిన రెండు నెలలకు హరీశ్ సెలవు మీద వచ్చాడు, ఒంటి మీద గాయం లేకుండా.

"గీత అవతల నా ఎదురుంగ నిలబడేటోడు సచ్చిపోయిండమ్మా. చిన్నోడే."

సరోజన ఇంకాస్త అన్నం వడ్డించింది.

ఇప్పుడు బడికి నేసినా, పెళ్లికి నేసినా కుడి సగంలోంచి ముందు ఆ పిలుపే వస్తుంది. కరెంటు పోయినా పూలమ్మ రావడం లేదు.