లమీన్ మామయ్య కోపంలో దొరికిన అక్షరం

దోర్రా బీఎస్సీ భాషాశాస్త్రంలో చేరిందని తెలిసి, వాళ్ల మేనమామ లమీన్ తన మంగలి షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వాడు. మాట్లాడటం పాలు తాగే వయసు నుంచీ వస్తున్నదేగా, దానికి సైన్సు డిగ్రీ ఎందుకట. ట్యునీషియాలోని స్ఫాక్స్‌లో ఆయన షాపుకి జనం సగం జుట్టు కోసం, సగం కబుర్ల కోసం వస్తారు.

అందుకే ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి దోర్రా ఆయన్నే బతిమాలి ల్యాబుకి తీసుకొచ్చింది. గడ్డం కింద చల్లటి జెల్ రాసి, స్కానింగ్ పరికరం ఆనించి, మాట్లాడుతుంటే నాలుక ఎలా కదులుతుందో తెర మీద చూడాలి. క్లాస్‌మేట్‌ని కాబట్టి రికార్డింగ్ పని నాకిచ్చింది.

పరికరం ఆనిందో లేదో, ఆయనకి మాట పడిపోయినంత పనైంది. షాపు ఎలా ఉందంటే "బాగుంది" అన్నాడు. తన పెళ్లి సంగతి చెప్పమంటే "అయింది" అన్నాడు. దోర్రా తల పట్టుకుంది.

మాకు పాఠాలు చెప్పే ముఫీదా మేడమ్‌ది రాజధాని ట్యూనిస్. ఆవిడ నింపాదిగా, పండగనాడు ఉప్పుచేపలోకి మీ స్ఫాక్స్ వాళ్లు చేసే ఉల్లిపాయల గుజ్జు షర్మూలాలో అన్ని ఎండుద్రాక్షలు దండగ, టమాటాలు వేస్తే సరిపోదా అంది.

"టమాటాలా? చదువుకున్నవాళ్లు మేడమ్ మీరు. ఆ మాట ఈ ఊళ్లో ఇంకెక్కడా అనకండి."

ఇక కట్ట తెగింది. ఉల్లిపాయలు ఎంత మగ్గాలో, ట్యూనిస్ వాళ్లకి నోరెందుకు చచ్చిందో ఏకరువు పెట్టాడు. తెర మీద నాలుక గంతులేసింది.

తర్వాత దోర్రా అదంతా ఆయనకి వినిపించింది. మా అరబీలో పట్నంవాళ్లం గొంతు లోతులోంచి 'క' అనే చోట పల్లెవాళ్లు 'గ' అంటారు. చిన్నప్పుడే పట్నం వచ్చిన మామయ్య ఆ 'గ'ని నున్నగా గొరిగేసుకున్నాడు. కోపంలో మాత్రం మాటమాటకీ అదే మొలిచింది.

"ఇది నేను కాదే" అన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు.

"మా అమ్మ ఇలాగే తిట్టేది."

మామయ్యా, ఇది ప్రాజెక్టులో రాసుకోనా, నీ పేరు రానివ్వనులే అంది దోర్రా.

"నా పేరు లేకపోతే పోనీ. మా ఊరి పేరు రాయి, పిల్లా."

రాసింది. మంచి మార్కులే వచ్చాయి.

ఆ తర్వాతి వారం మామయ్య పల్లెలో ఉన్న అన్నకి షాపులోంచే ఫోన్ చేసి, అందరి ముందూ ఆ 'గ'లతోనే మాట్లాడాడట. కుర్చీలో ఉన్న బ్యాంకు గుమాస్తాకి నవ్వొచ్చింది గానీ, గొంతు మీద కత్తి ఉండటంతో మింగేశాడు.